ఒర కుట్టించిన వైనం

భాష చెప్పడం వృత్తిగా గల మాకు, ఒక తోలు ఒర కుట్టించుకోవలసి వచ్చినప్పుడు భాష చాలలేదు. ఆ సంగతిని దాచుకోవడం కంటె విద్యార్థుల ముందు ఉంచడమే మేలని తోచి ఈ సంచికకు వ్రాస్తున్నాము. ఇందులో పెద్ద విషయమేదీ లేదు. ఒక కత్తి, దానికి కావలసిన ఒర, దానిని కుట్టిన ఒక వృద్ధుడు, తన అవసరమేమిటో ఆయనకు చెప్పలేకపోయిన ఒక తెలుగు ఉపన్యాసకుడు. ఇంతే సరుకు.

కత్తి మా తాతగారిది. ఇంట్లో దానిని ఛురీ అంటాము. ఏలూరులో ఒక కమ్మరి లారీ కమాను పట్టీని కాల్చి, సాగగొట్టి చేసిన కత్తి అది. అలుగు పొడవు ఎనిమిదిన్నర అంగుళాలు, వెడల్పు అంగుళం ముప్పాతిక. పిడి గేదె కొమ్ముతో చేసినది. బక్రీదు నమాజు ముగియగానే తాతగారు ఆ కత్తితో సైకిలు మీద కొల్లేటి గట్టుదాకా వెళ్ళి, అక్కడ తాటి దోనె ఎక్కి, కైకలూరు వైపు ఊళ్ళలో కుర్బానీ ఇచ్చే ఇళ్ళకు వెళ్ళేవారట. మూడవనాటి సాయంకాలానికి గాని తిరిగి ఇల్లు చేరేవారు కారట. ఆయన తరువాత కత్తి మా తండ్రిగారి చేతికి వచ్చింది. ఇప్పుడు తండ్రిగారికి డెబ్బయి దాటాయి. ఏడాదిలో ఆ మూడు రోజులు తప్ప కత్తి నూనె గుడ్డలో చుట్టబడి పెట్టె అడుగున ఉంటుంది.

నిరుడు ఒకనాడు ఎనిమిదేళ్ళ మా అమ్మాయి ఏదో వెతుకుతూ ఆ పెట్టెలో చేయి పెట్టింది. పదును గుడ్డను కోసుకొని పైకి వచ్చి ఉంది. పాప వేలికి నాలుగు కుట్లు పడ్డాయి. ఆ రాత్రి మా తండ్రిగారు అన్నం ముట్టలేదు. "ఈ కత్తిని ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు. ఆ మాట ఆయన నోట వినవలసి వస్తుందని మేము ఎన్నడూ అనుకోలేదు. కత్తి ఇంట్లో ఉండాలంటే దానికొక మంచి ఒర ఉండాలని అప్పుడు నిశ్చయించుకున్నాము.

భాషావృత్తిలో ఉన్నవారికి ఒక బలహీనత ఉంటుంది. వస్తువు కావలసి వస్తే ముందు దాని పేరు వెతుకుతారు. మేమూ అంతే చేశాము. ఒరకు సంస్కృతంలో కోశమని పేరు. అమరకోశం కోశ శబ్దానికి మొగ్గ, ఖడ్గపు ఒర, ధనరాశి అనే అర్థాలు చెప్పింది. నిఘంటువు కూడా కోశమే. ఉర్దూలో నియామ్ అంటారు, మియాన్ అంటారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఉండనే ఉన్నది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం కూడా జ్ఞాపకం వచ్చింది. ఊరూరా తిరిగి పనివారి నోటినుండి మాటలు సేకరించి కూర్చిన గ్రంథమది. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివేనాడు పరీక్ష కోసం ఆ సంపుటాలు తిరగవేశాము. కాని పనివాని ఎదుట కూర్చుని ఒక్క మాటైనా విన్నది లేదు. ఆ లోపం మాలో ఉన్నదని తెలియక, మా శబ్దజ్ఞానానికి మేమే సంతోషించి, పనివాని కోసం బయలుదేరాము.

మేము విచారించినంతలో, చేతితో ఒరలు కుట్టగలవారు తాడేపల్లిగూడెంలో ఒక పెద్దాయన ఉన్నారని తెలిసింది. పూర్వం ఎద్దులకు మువ్వల పట్టెడలు, బండివారికి చెర్నాకోలలు, మెట్ట రైతులకు మోట తోలు బొక్కెనలు కుట్టిన చేయి ఆయనది. ఎద్దులు పోయాయి, మోటలు పోయాయి. ఇప్పుడు ఉల్లిపాయల మార్కెట్టుకు పోయే లారీలవారి సంచులకు పట్టీలు వేస్తూ, చెప్పులు బాగుచేస్తూ కాలం గడుపుతున్నారు.

ఆయన దగ్గరకు మేము కత్తిని తీసుకుపోలేదు. దానికి బదులు ఒక తెల్లకాగితం మీద కత్తి బొమ్మ గీసి, పక్కన పన్నెండు అంశాలు వరుస సంఖ్యలు వేసి వ్రాసుకుపోయాము. పొడవు 21.6 సెంటీమీటర్లు అని దశాంశంతో సహా వ్రాశాము. ఏదో విదేశీ వేటకత్తి ఒర ఫొటోను ఫోనులో చూపి, ఇలాగే నడుము పట్టీకి తగిలించే కొక్కెం, పైన టక్కున పడే గుండీ ఉండాలని చెప్పాము. ఆయన ఓపికగా విన్నారు. తరువాత రెండే ప్రశ్నలు అడిగారు.

"ఏ తోలు పెట్టమంటారండి?"

"మంచిది పెట్టండి బాబాయ్" అన్నాము.

"మంచిదంటే కాదండి. మీరు సాయిబుగారు కదా, పంది తోలు మీకు పనికిరాదు. గేదె తోలు ఉంది. తంగేడు చెక్కా కరక్కాయా వేసి పదును చేసింది. అది పెడతాను."

మా పన్నెండు అంశాలలో ఈ అంశం లేదు. అన్నిటికంటె ముందు వ్రాయవలసినది అదే. మేము మరచినదానిని ఆయన మా తరఫున జ్ఞాపకం పెట్టుకున్నారు. మాకు సిగ్గు కలిగింది. కాని ఆ సిగ్గు మాకు పాఠం చెప్పేంత పెద్దది కాలేదు. ఎందుకంటే రెండవ ప్రశ్నకు మేము ఇచ్చిన సమాధానం మరీ అన్యాయమైనది.

"కత్తి ఏ పనికండి?"

"ఇంట్లో వాడకానికి."

ఆయన మా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "సరేనండి" అన్నారు. ఆ "సరే"ను మేము అంగీకారమనుకున్నాము. పనివారి నోట "సరే" అంటే చాలాసార్లు "మీ మాట విన్నాను" అని మాత్రమే అర్థమని తరువాత తెలిసింది.

పదిహేను రోజులకు ఒర సిద్ధమయింది. చూడ ముచ్చటగా ఉన్నది. ఇంటికి తెచ్చి కత్తి పెట్టబోతే సగం దాకా పోయి ఆగిపోయింది. మా తండ్రిగారు చూసి ఏమీ అనలేదు. కత్తిని మళ్ళీ గుడ్డలో చుట్టారు. మాకు కోపం వచ్చింది. మరునాడే బండెక్కి, దారి పొడవునా ఫిర్యాదు వాక్యాలు కూర్చుకుంటూ తాడేపల్లిగూడెం చేరాము. అప్పుడు కూడా వెంట తీసుకుపోయినది ఒరనే గాని కత్తిని కాదు.

పెద్దాయన మా ఉపన్యాసమంతా విన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరకే అనలేదు. విన్న తరువాత ఆయన పెట్టెలోనుంచి మేమిచ్చిన కాగితాన్నే తీసి, మడత విప్పి, ఒరను బొమ్మ మీద పెట్టారు. వెంట్రుకవాసి తేడా లేదు.

"మీ బొమ్మకు సరిపోయిందండి. కత్తికే సరిపోలేదు" అన్నారు. ఆ మాటలో ఎగతాళి లేదు. "దీంట్లో వెన్ను మందం ఎక్కడుందండి? కాగితానికి పొడవూ వెడల్పే కదండీ. తోలు చుట్టూ తిరిగి రావాలి."

నిజమే. లారీ కమానుతో చేసిన ఆ కత్తి వెన్ను పిడి దగ్గర ఐదు మిల్లీమీటర్లు ఉంటుంది. దశాంశాలు వ్రాసిన మేము ఆ ఐదు వ్రాయలేదు.

కాగితం మీది సంకేతాలతో పని జరగదని మేము చెప్పడం లేదు. కాశ్మీరులో తివాచీలు నేసేవారు తాలీమ్ అనే సంకేతలిపిని చూసి, ఏ ముడికి ఏ రంగో తెలుసుకొని నేస్తారు. తివాచీలకు పేరుపడ్డ ఏలూరువాళ్ళం గనుక మాకు ఆ మాట వెంటనే తోచింది. కాని అక్కడ వ్రాసేవాడూ చదివేవాడూ ఒకే లిపిని నేర్చుకొని ఉంటారు. మా కాగితం మీది లిపి మేము ఒక్కరమే కల్పించుకున్నది. దానిని ఆయన చదువుకోవాలని ఆశించడమే మా పొరపాటు.

అప్పుడు ఆయన అడిగారు: "ఏలూరు నుంచి రెండుసార్లు వచ్చారు. కత్తి ఎందుకు తేలేదండి మాస్టారూ?"

సమాధానం చెప్పడానికి మాకు చాలాసేపు పట్టింది. రైలులో, బజారులో, సంచిలో కత్తితో కనిపించడానికి భయపడ్డామని చెప్పాము. మా పేరు గలవాడి సంచిలో జానెడు కత్తి ఉన్నదంటే చూసేవారి ముఖాలు ఎలా మారతాయోనని భయం. 1959 నాటి ఆయుధాల చట్టం కింది నియమావళి అలుగు 9 అంగుళాల పొడవుకు గాని 2 అంగుళాల వెడల్పుకు గాని మించిన కత్తుల మీదనే కన్ను వేసింది. వాటిలోనూ ఇంటి పనికీ సేద్యానికీ చేసినవాటిని విడిచిపెట్టింది. మా కత్తి రెండు కొలతలలోనూ లోపలే ఉన్నది. అది మాకు తెలుసు. కాని భయం చట్టం చదివి రాదు. "ఇంట్లో వాడకానికి" అని మేము దాటవేసిన మాట కూడా ఆ భయం నుంచి వచ్చినదే. కుర్బానీ అని చెబితే ఎలా తీసుకుంటారోనని.

ఆయన చేతిలోని ఆరెను కింద పెట్టారు. "నా చిన్నప్పుడు తోలు మూటతో బస్సెక్కితే పక్కన కూర్చున్నోళ్ళు లేచి పోయేవారండి. అందుకని మా అయ్య మూట మీద గడ్డి కప్పేవాడు. గడ్డి మోపనుకుంటారని." కొంచెం ఆగి, "దాపరికం చేస్తే పని చెడుతుందండి. తోలు తడిసిపోయి వాసన ఇంకా పెరిగేది" అన్నారు.

ఇద్దరమూ కాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత ఆయన, "ఆదివారం కత్తిని తీసుకురండి. కత్తి పట్టే మనిషిని కూడా తీసుకురండి" అన్నారు.

"మనిషి ఎందుకు బాబాయ్?"

"ఒర కత్తికి కాదండి, చేతికి."

ఇంటికి వచ్చి తండ్రిగారికి ఈ సంగతి చెప్పినప్పుడు మరొక తప్పు బయటపడింది. "ఒర ఎలా ఉండాలో నన్ను ఎవరడిగారు?" అన్నారాయన. నిజంగానే అడగలేదు. ఆయన కోసం చేయిస్తున్న వస్తువును గురించి ఆయనతో మేము ఒక్క మాటైనా మాట్లాడలేదు. పరాయి ఊరి పనివానికి చెప్పడం చేతకాలేదని విచారిస్తున్న మేము, సొంత ఇంట్లో అడగడమే చేతకానివారమని తేలింది.

ఆదివారం తండ్రిగారు ఒక తాటిమట్టను నిలువునా చీల్చి, కత్తిని అందులో ఉంచి, పురికొసతో బిగించి, అన్నం గిన్నెతోపాటు సంచిలో పెట్టారు. పనిముట్టును పనిముట్టువలె తీసుకుపోవాలన్నది ఆయన మతం. బండిలో ఎవరూ ఏమీ అడగలేదు. భీమడోలులో ఎక్కిన ఒకాయన సంచి కొంచెం జరపమని మా పక్కన కూర్చున్నాడు. అంతే జరిగింది.

దారిలో చేపల చెరువులు చూస్తూ తండ్రిగారు పాత కొల్లేటిని తలచుకున్నారు. 1999లో అభయారణ్యంగా ప్రకటించబడి, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కి, 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టివేయబడిన కొల్లేరు పత్రికలలో మనం చదివినది. ఆయనకు తెలిసిన కొల్లేరు దోనెల కొల్లేరు. తాటి దోనె చేయించుకోవడానికి ఎవరైనా వెళితే, చెక్కేవాడు ఎంత పొడవు కావాలని మొదట అడిగేవాడు కాడట. "ఎందరు ఎక్కుతారు? నీళ్ళలో తిప్పుతావా, బురదలో లాగుతావా?" అని అడిగేవాడట. పొడవు వాడే నిర్ణయించేవాడు. తండ్రిగారు ఇది చెప్పి కిటికీ బయటకు చూస్తూ ఉండిపోయారు. మాకు మా పన్నెండు అంశాల కాగితం గుర్తుకు వచ్చింది.

తాడేపల్లిగూడెంలో ఆ ఇద్దరు పెద్దలూ కలుసుకొన్న తీరు మేము మరువలేము. తండ్రిగారు తాటిమట్ట విప్పారు. పెద్దాయన చేతులు గుడ్డతో తుడుచుకొని, "పండగ కత్తి కదండీ, నేను ముట్టుకోవచ్చా?" అని అడిగారు. తండ్రిగారు కత్తిని తిప్పి, పిడి ఆయన వైపు ఉండేటట్లు అందించారు. ఆ తరువాత మాకు అక్కడ పని లేకపోయింది. కమాను ఉక్కు గురించి, కమ్మరి దానికి పెట్టిన పదును గురించి, కొమ్ము పిడి అరిగిన చోటు గురించి వారే మాట్లాడుకున్నారు. పిడి ఏ పక్కన అరిగిందో చూసి, పట్టే వేలు ఎక్కడ ఆనుతుందో పెద్దాయన చెప్పేశారు.

కుర్బానీ పద్ధతిని తండ్రిగారు నెమ్మదిగా వివరించారు. కత్తి మిక్కిలి పదునుగా ఉండాలి. పశువు ఎదుట నూరకూడదు. చివరి క్షణం దాకా అలుగు దాని కంట పడకూడదు. ఒక పశువు చూస్తుండగా మరొకదానిని కోయకూడదు. ఇవి మా ధర్మం చెప్పిన మర్యాదలు. ఒర ఎందుకంటే, మన వేళ్ళ కోసమే కాదు, ఆ మూగజీవి కళ్ళ కోసం కూడా.

పెద్దాయన తల ఊపారు. "అయితే గుండీ పెట్టకూడదండి. టక్కుమంటుంది. గొడ్డు చెవి రిక్కిస్తుంది" అన్నారు. నడుము కొక్కెం కూడా అక్కరలేదని తేలింది. తాతగారూ తండ్రిగారూ కత్తిని ఎన్నడూ నడుముకు కట్టుకోలేదు, సంచిలోనే తీసుకుపోయేవారు. ఫొటోలోని వేటగాని అవసరాన్ని మేము మా ఇంటి అవసరమనుకున్నాము. గుండీ లేకుండా కత్తి జారకుండా ఉండాలంటే ఒర లోతుగా ఉండి, పిడిని సగం దాకా మింగి, తోలు బిగువుతోనే పట్టుకోవాలని ఆయన నిర్ణయించారు. ఫిన్లండు దేశస్థులు పుక్కో అనే తమ కత్తికి తరతరాలుగా అటువంటి లోతైన తోలు ఒరనే వాడతారని మేము పుస్తకాలలో చూశాము. ఆయన ఆ పుస్తకాలు చూడలేదు. పని ఏమిటో తెలిసింది గనుక ఆకారం ఆయనకు దానంతట అదే తోచింది.

పని జరుగుతుండగా దగ్గర కూర్చుని చూడనిచ్చారు. మొదట రంపెతో తోలు కోసి నీటిలో తడిపారు. కత్తికి నూనె రాసి, పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, తడి తోలులో పెట్టి, నున్నని కొయ్యతో ఒత్తుతూ పోయారు. చెక్క వేసి పదును చేసిన తోలు అలా తడిపి ఒత్తితే ఆకారం పట్టుకొని ఆరిన తరువాత గట్టిపడుతుందట. క్రోము తోలు మెత్తనిదే గాని మాట వినదట. కుట్టుకూ పదునుకూ మధ్య సన్నని తోలు పట్టీ ఒకటి పెట్టారు. అది లేకపోతే కత్తి దూసిన ప్రతిసారీ దారాన్ని కోసుకుంటుంది. మైనం రాసిన నూలు దారానికి రెండు కొనలా రెండు సూదులు ఎక్కించి, ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోనూ ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి పోనిచ్చారు. ఒక పక్క దారం తెగినా రెండవది పట్టుకొని ఉంటుంది. యంత్రపు కుట్టు అలా కాదు, ఒకచోట తెగితే వరుసగా ఊడుతుంది. ఇత్తడి మేకులు వేయనన్నారు. తోలులోని కొవ్వుకు ఇత్తడి చిలుము పడుతుందట. కుట్టిన ఒరను ఎండలో కాక నీడలో రెండు రోజులు ఆరనివ్వాలన్నారు.

చివరికి ఒక హెచ్చరిక చేశారు. "ఒరలోనే పెట్టి పెట్టెలో దాచకండి. మీది కొల్లేటి గాలి. తోలు చెమ్మ పీలుస్తుంది, ఇనుముకు తుప్పు ఎక్కుతుంది. వెళ్ళి వచ్చేటప్పుడే ఒర. ఇంట్లో ఉన్నప్పుడు కత్తికి నూనె రాసి, పిల్లలకు అందని చోట విడిగా పెట్టండి." ఒర ఉంటే కత్తి సంగతి ఇక మరచిపోవచ్చునన్న మా ఆశ అక్కడితో పోయింది. మా అమ్మాయి వేలికి కావలసినది ఒర ఒక్కటే కాదు, పెద్దల జాగ్రత్త కూడా.

మొదటి ఒరకు ఆయన డబ్బు తీసుకోనన్నారు. మేము ఇస్తామన్నాము. "తప్పు ఇద్దరిదీనండి. నేను కత్తి చూడకుండా కోశాను" అని సగం తీసుకున్నారు. ఆ ఒర ఇప్పుడు కళాశాలలో మా బల్ల సొరుగులో ఉన్నది. అందులో ఒక స్కేలు పెట్టుకున్నాము.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు గుమాస్తాలవుతారు, కొందరు మావలె ఉపాధ్యాయులవుతారు. మీరందరూ ఎవరో ఒక పనివానికి ఏదో ఒకటి చేసిపెట్టమని చెప్పవలసినవారే. అప్పుడు ఆకారం చెప్పకండి, అవసరం చెప్పండి. వర్ణన పంపకండి, వస్తువును తీసుకుపోండి. ఎవరి కోసమో వారిని ముందుగా అడగండి. ఎదుటివారు "సరే" అన్నప్పుడు, ఏమి అర్థమయిందో వారి మాటలలో ఒకసారి చెప్పమనండి. మీకు తెలియని చోట వారి నిర్ణయానికి చోటు విడిచిపెట్టండి. వీటన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి ఉన్నది. భయం చేత గాని మొహమాటం చేత గాని అసలు మాట దాచకండి. మేము దాచిన ఒక్క మాట వలన ఒక తోలు ముక్క, పదిహేను రోజులు, ఒక వృద్ధుని శ్రమ వృథా అయ్యాయి. మా తండ్రిగారు తన కత్తిని పరాయివారికి ఇచ్చివేసే దాకా వచ్చేది.

ఈసారి బక్రీదు ఉదయం తండ్రిగారు ఒరను సంచిలో పెట్టుకొని మమ్మల్ని కూడా రమ్మన్నారు. పశువు వెనుకకు వెళ్ళి, దాని కంటిని అరచేతితో కప్పి, రెండవ చేతితో కత్తి తీశారు. ఏ చప్పుడూ కాలేదు. పని ముగిసిన తరువాత కత్తిని కడిగి, తుడిచి, ఒరలో పెట్టి మా చేతికి ఇచ్చారు. వచ్చే ఏడాది నుంచి ఈ పని మాదేనన్నారు.

ఆ సాయంత్రం పెద్దాయనకు ఫోను చేసి చెప్పాము. ఆయన మొదట అడిగినది ఒకటే: "చప్పుడు కాలేదు కదండీ?"